బుల్లితెర వ్యంగ్యం – అధికారుల జవాబుదారీతనం: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నేపథ్యంలో ఒక పరిశీలన

4.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• వ్యంగ్యానికీ, కేవల హాస్యానికీ గల భేదాన్ని వివరించగలుగుతారు.
• టెలివిజన్ వ్యంగ్య వార్తలు అధికారులను ప్రశ్నించే పద్ధతిని విశ్లేషించగలుగుతారు.
• ఆ ప్రశ్నకు గల పరిమితులను స్థానిక ఉదాహరణలతో చర్చించగలుగుతారు.
• వ్యంగ్య ప్రసారాలకు సంబంధించిన ప్రధానమైన చట్ట నిబంధనలను పేర్కొనగలుగుతారు.

4.1 విషయ పరిచయం

ప్రజాస్వామ్యంలో అధికారం చేతిలో ఉన్నవారు తమ నిర్ణయాలకు కారణాలు చెప్పాలి. ఆ కారణాలు సబబుగా లేకపోతే దాని పర్యవసానాన్ని కూడా ఎదుర్కోవాలి. దీనినే జవాబుదారీతనం అంటాం. ఇందులో మూడు అంశాలు ఉన్నాయి: సమాచారం బయటికి రావడం, సంబంధిత వ్యక్తి సమాధానం చెప్పడం, తప్పు తేలితే చర్య తీసుకోవడం. శాసనసభ, న్యాయస్థానాలు, ఆడిట్ వ్యవస్థ, సమాచార కమిషన్ వంటి సంస్థలు ఈ పనికోసమే ఉన్నాయి. పత్రికలు, టెలివిజన్ చానళ్లు వీటికి బయటినుంచి తోడ్పడతాయి.

గత పదిహేనేళ్లలో తెలంగాణ ఇళ్లలో ఈ బాధ్యతను కొంతమేరకు వ్యంగ్య వార్తలు పంచుకున్నాయి. గంభీరమైన చర్చా కార్యక్రమాలు చూడనివారు కూడా ఈ వ్యంగ్య వార్తలను చూశారు. అయితే నవ్వు జవాబుదారీతనాన్ని ఎంతవరకు తేగలదు? ఎక్కడ ఆగిపోతుంది? ఉమ్మడి వరంగల్ జిల్లానుంచి 2016 అక్టోబర్ 11న ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల అనుభవం ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

4.2 వ్యంగ్యం – పూర్వరంగం

హాస్యం నవ్వించి ఊరుకుంటుంది. వ్యంగ్యం నవ్వించి, ఆ నవ్వులో ఒక తప్పును చూపుతుంది. కాబట్టి వ్యంగ్యానికి ఒక లక్ష్యం, ఒక కొలబద్ద తప్పనిసరి. 'ఇలా ఉండాలి' అన్న కొలబద్ద లేకపోతే 'ఇలా ఉంది' అన్న మాటకు బలం ఉండదు.

తెలంగాణ పల్లెలకు ఇది కొత్త కాదు. పిట్టలదొర వేషం చూసినవారికి ఈ సంగతి తెలుసు. పాత కోటు, టోపీ, భుజాన కట్టె తుపాకీతో ఊళ్లోకి వచ్చి, లేని ఆస్తులను, చేయని ఘనకార్యాలను ఏకరువు పెట్టే ఈ పాత్రను కొన్నిచోట్ల తుపాకి రాముడు అనీ పిలుస్తారు. అతను తనను తాను దొరగా చెప్పుకుంటాడు. నవ్వేవాళ్లు మాత్రం అసలు దొరలను తలచుకుని నవ్వుతారు. నేరుగా అనలేని మాటను వేషం చాటునుంచి అనడమే ఇందులోని కిటుకు. వరంగల్‌లో జీవించిన ప్రజాకవి కాళోజీ నారాయణరావు (1914–2002) అదే నిలదీతను 'నా గొడవ' పేరుతో కవిత్వంలోకి తెచ్చారు. ఆయన పుట్టినరోజైన సెప్టెంబర్ 9ని తెలంగాణ ప్రభుత్వం తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతోంది.

భారతీయ టెలివిజన్‌లో ఈ ధోరణికి తొలి ప్రసిద్ధ ఉదాహరణ 1989లో దూరదర్శన్‌లో వచ్చిన జస్పాల్ భట్టి 'ఫ్లాప్ షో'. కాంట్రాక్టర్ల కక్కుర్తినీ, ప్రభుత్వ కార్యాలయాల తీరునూ ప్రభుత్వ చానల్‌లోనే ఎగతాళి చేయడం దీని ప్రత్యేకత. అయితే అందులోని పాత్రలు కల్పితాలు. నిత్య వార్తలనే, నిజమైన పేర్లతో, వ్యంగ్యంగా చెప్పే పద్ధతి ప్రైవేటు వార్తా చానళ్లతో బలపడింది.

4.3 తీన్మార్ పద్ధతి

2012లో మొదలైన వీ6 చానల్ 'తీన్మార్ వార్తలు' తెలంగాణ మాండలికంలో వార్తలు చెప్పడంతో ప్రాచుర్యం పొందింది. పెళ్లి ఊరేగింపుల్లో వినిపించే డప్పు దరువు పేరే తీన్మార్. ఈ కార్యక్రమం ద్వారా చింతపండు నవీన్ 'తీన్మార్ మల్లన్న'గా, చేవెళ్ల రవికుమార్ 'బిత్తిరి సత్తి'గా, శివజ్యోతి 'సావిత్రి'గా ఇంటింటికీ పరిచయమయ్యారు. తరవాతి కాలంలో హెచ్ఎంటీవీ 'జోర్దార్ వార్తలు' వంటివి ఇదే దారిలో వచ్చాయి.

ఈ పద్ధతిలో ప్రధానంగా నాలుగు ఉపాయాలు కనిపిస్తాయి.

(అ) అమాయకత్వపు ముసుగు: ఏమీ తెలియనట్టు అడిగే పాత్ర అసలు ప్రశ్న అడుగుతుంది. ఇది పిట్టలదొర వారసత్వమే.
(ఆ) భాష మార్పు: 'సత్వర చర్యలు చేపట్టడమైనది' అనే కార్యాలయ భాషను ఇంటి భాషలోకి దించినప్పుడు అందులోని డొల్లతనం బయటపడుతుంది.
(ఇ) మాటను, చేతను పక్కపక్కన పెట్టడం: నాటి హామీ దృశ్యాన్నీ, నేటి పరిస్థితినీ వెంటవెంట చూపడం.
(ఈ) అతిశయోక్తి: చిన్న లోపాన్ని పెంచి, అందరి కంట పడేలా చేయడం.

ఈ ఉపాయాలు ఎలా పనిచేస్తాయో తెలియడానికి, మన పాఠం కోసం కల్పించిన మాదిరి సంభాషణను చూడండి.

"అక్కా, మా ఊర్ల నల్లాలకు నీళ్లొస్తున్నయట, నీకెరుకేనా?"
"ఎవలు జెప్పిండ్రు?"
"కాయితం జెప్పింది. సారు సంతకం గూడ ఉన్నది."
"మరి నల్లా తిప్పి జూసినవా?"
"తిప్పిన. గాలొచ్చింది. గాలి గూడ సర్కారుదే గదా అని బిందె వట్టుకొని నిలవడ్డ."

ఇందులో తిట్టు లేదు. ఆరోపణ కూడా లేదు. అయినా పని పూర్తయిందని సంతకం చేసిన అధికారి ఎవరు, ఏ పరీక్ష చేసి సంతకం చేశారు అనే రెండు ప్రశ్నలు చూసేవారి మనసులో మిగులుతాయి. వార్తను సమాచారంగా విన్న మనిషి తలూపి ఊరుకోవచ్చు. ఇలా విన్నవాడు మర్నాడు హోటల్ దగ్గర మరొకరికి చెబుతాడు. అధికారంపై ఉండే బెరుకు ఆ కాసేపు తగ్గుతుంది. వ్యంగ్యం చేసే మొదటి మేలు ఇదే: ప్రశ్న అడగడం మామూలు పని అని అది అలవాటు చేస్తుంది.

అరుదుగా ఇంతకుమించిన ఫలితం కూడా ఉంటుంది. అమెరికాలో 'ది డైలీ షో' నిర్వాహకుడు జాన్ స్టూవర్ట్ 2010 డిసెంబర్‌లో, సెప్టెంబర్ 11 దాడుల వేళ సహాయక చర్యల్లో పాల్గొని జబ్బుపడిన సిబ్బంది వైద్యఖర్చుల బిల్లుపై ఒక ఎపిసోడ్ మొత్తాన్ని కేటాయించారు. సెనేట్‌లో నిలిచిపోయిన ఆ బిల్లు కొద్దిరోజుల్లోనే ఆమోదం పొందింది. అక్కడ లక్ష్యం నిర్దిష్టం: ఫలానా బిల్లు, దానిని ఆపుతున్న ఫలానా సభ్యులు, గడువు దగ్గరపడిన సమావేశాలు. వ్యంగ్యం ఎంత నిర్దిష్టంగా ఉంటే, సమాధానం తప్పించుకోవడం అంత కష్టం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. జవాబుదారీతనంలోని మూడు అంశాలు ఏవి?
2. 'అమాయకత్వపు ముసుగు' అంటే ఏమిటి?

4.4 ఎవరిని చూసి నవ్వుతున్నాం? – 2014 వివాదం

వ్యంగ్యమంతా ఒకే విలువ గలది కాదని తెలంగాణ ఏర్పడిన నెలలోనే తేలింది. 2014 జూన్‌లో కొత్త రాష్ట్ర శాసనసభ్యులను ఎగతాళి చేస్తూ టీవీ9 ప్రసారం చేసిన వ్యంగ్య కార్యక్రమంపై ఉభయసభల్లోనూ తీవ్ర నిరసన వ్యక్తమైంది. ఇది తెలంగాణ ప్రతినిధులనూ, వారి భాషనూ అవమానించడమే అని సభ్యులు అన్నారు. జూన్ 16 నుంచి కేబుల్ నిర్వాహకులు టీవీ9తోపాటు ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారాలను కూడా నిలిపివేశారు. అది కేబుల్ నిర్వాహకుల సొంత నిర్ణయమని ప్రభుత్వం చెప్పింది. నిలుపుదల నెలల తరబడి సాగింది. అదే ఏడాది సెప్టెంబర్ 9న, కాళోజీ శతజయంతి రోజున, వరంగల్‌లో ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు ఈ చానళ్లను ఉద్దేశించి చేసిన హెచ్చరిక దేశవ్యాప్తంగా విమర్శలకు గురైంది.

ఈ వివాదంలో రెండు వాదనలను విడివిడిగా చూడాలి. మొదటిది, సభ్యుల నొప్పి. దశాబ్దాలపాటు తెలుగు సినిమాల్లో తెలంగాణ యాస విలన్‌కో, హాస్య పాత్రకో పరిమితమైంది. ఆ నేపథ్యంలో మాటతీరును వెక్కిరిస్తే అది ఒక సభ్యుడి మీద కాక ఒక ప్రాంతం మీద పడుతుంది. తీన్మార్ తరహా వార్తల్లో జరిగింది దీనికి తలకిందులు. అక్కడ యాస నవ్వులపాలు కాలేదు, నవ్వే హక్కు యాసకే దక్కింది. రెండవది, శిక్ష ఎవరికి పడింది అన్న ప్రశ్న. ఒక కార్యక్రమం తప్పు చేసిందనుకున్నా, చానల్ మొత్తాన్ని ఆపివేస్తే నష్టపోయేది చూసే ప్రజలు. అభ్యంతరం న్యాయమైనదే కావచ్చు. దానికి ఎంచుకున్న మార్గం మాత్రం అధికారాన్ని విమర్శించే ప్రతివారికీ భయం నేర్పుతుంది.

ఈ రెండింటినీ కలిపి చూస్తే వ్యంగ్యాన్ని అంచనా వేయడానికి మూడు ప్రశ్నలు దొరుకుతాయి:
1. నవ్వు దేనిమీద? పుట్టుక, శరీరం, భాష మీదా? నిర్ణయం, ప్రవర్తన మీదా?
2. నవ్వు అడుగున పరిశీలించదగిన వాస్తవం (తేదీ, మొత్తం, ఉత్తర్వు, దృశ్యం) ఉందా?
3. నవ్వు ముగిశాక ఎవరు, దేనికి సమాధానం చెప్పాలో స్పష్టంగా ఉందా?

4.5 మూడు జిల్లాలు, ముగ్గురు కలెక్టర్లు

2017లో కొత్త జిల్లాలు ఏడాది కూడా నిండకముందే ఈ మూడు జిల్లాల కలెక్టర్లు వార్తల్లోకి వచ్చారు.

మహబూబాబాద్‌లో జూలైలో హరితహారం కార్యక్రమం జరుగుతుండగా శాసనసభ్యుడు బానోత్ శంకర్ నాయక్ తన చేయి పట్టుకున్నారని కలెక్టర్ ప్రీతి మీనా అభ్యంతరం తెలిపారు. అది ఉద్దేశపూర్వకం కాదని ఆయన అన్నారు, క్షమాపణ చెప్పారు. పోలీసు కేసు నమోదైంది. జనగామలో బతుకమ్మ కుంట భూమి విషయంలో శాసనసభ్యుడు ముత్తిరెడ్డి యాదగిరిరెడ్డిపై కలెక్టర్ ఎ. దేవసేన బహిరంగంగా ఆరోపణ చేశారు. ఆయన దానిని ఖండించారు. భూపాలపల్లి కలెక్టర్ ఆకునూరి మురళి తన కుమార్తె ప్రసవాన్ని ప్రభుత్వ ఆసుపత్రిలో చేయించి ప్రశంసలు పొందారు. అదే ఏడాది ఆహారపు అలవాట్లపై చేసిన వ్యాఖ్య వివాదాస్పదం కాగా విచారం వ్యక్తం చేశారు.

తరవాత 2018 జనవరిలో జరిగిన ఐఏఎస్ బదిలీల్లో ఈ ముగ్గురూ ఆయా జిల్లాలనుంచి వెళ్లిపోయారు. దేవసేన పెద్దపల్లి కలెక్టర్ అయ్యారు. మురళి రాష్ట్ర పురావస్తు పత్రాల భాండాగారానికి వెళ్లారు, 2019లో స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు.

పై మూడు ప్రశ్నలను ఇక్కడ అన్వయించండి. వేదికమీది ఘటనకు దృశ్యం ఉంది, మనుషులు ఉన్నారు, మాటకు మాట ఉంది. ఇది తెరకు అనువైన సరుకు. బదిలీ ఉత్తర్వుకు దృశ్యం లేదు. పేరు, పాత పోస్టు, కొత్త పోస్టు తప్ప అందులో కారణం రాయరు. బదిలీలు పాలనలో మామూలే అని ప్రభుత్వం అనవచ్చు. వివాదాల ఫలితమే అని విమర్శకులు అనవచ్చు. రెంటిలో ఏది నిజమో తేల్చే ఆధారం ఆ కాగితంలో ఉండదు. వ్యంగ్య వార్తకు ఇదే హద్దు. అది ముఖాలను బాగా చూపుతుంది, విధానాన్ని చూపడం దానికి కష్టం. కుంట సరిహద్దు సర్వే చేసి, రికార్డు సరిచేసి, భూమిని కాపాడే పని రెవెన్యూ కార్యాలయంలో నెలల తరబడి సాగుతుంది. అంతకాలం ఏ నవ్వూ నిలవదు.

మరొక సంగతి గమనించండి. 'అధికారి' అన్నమాటను మనం ఒకే గంపలో వేస్తుంటాం. ఈ ఉదాహరణల్లో అధికారులు ఒకచోట ప్రశ్నలు ఎదుర్కొన్నారు, ఇంకోచోట తామే ప్రశ్నించారు. 'సర్కారు సార్లంతా ఇంతే' అని నవ్వించే కార్యక్రమం ఈ తేడాను చెరిపేస్తుంది. అప్పుడు నిజాయితీగా పనిచేసేవారికి అండ పోతుంది, చేయనివారికి గుంపులో దాక్కునే వీలు దొరుకుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
3. బదిలీ ఉత్తర్వు వ్యంగ్య వార్తకు ఎందుకు చిక్కదు?

4.6 చట్టం ఏమంటుంది?

రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం ఇచ్చే భావప్రకటన స్వేచ్ఛలో వ్యంగ్యమూ భాగమే. 19(2) అధికరణం పరువునష్టం, శాంతిభద్రతలు వంటి కారణాలతో సహేతుకమైన పరిమితులను అనుమతిస్తుంది. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ పరువునష్టాన్ని నేరంగా పేర్కొంటూనే, ప్రభుత్వోద్యోగి తన విధుల నిర్వహణలో ప్రవర్తించిన తీరుపై సద్భావంతో అభిప్రాయం చెప్పడాన్ని మినహాయించింది. ఆయన ఇంటి విషయాలకు ఈ మినహాయింపు వర్తించదు.

కేబుల్ టెలివిజన్ చట్టం (1995) కింద గల కార్యక్రమాల నియమావళి జాతి, భాష, ప్రాంత సమూహాలను కించపరిచే చిత్రణను నిషేధిస్తుంది. శాసనసభలకు 194వ అధికరణం ప్రత్యేక హక్కులు ఇచ్చింది. వీటి వినియోగం వివాదాస్పదమైన సందర్భాలు ఉన్నాయి. 1987లో శాసనసభ్యులపై ముఖచిత్ర కార్టూన్ వేసినందుకు 'ఆనంద వికటన్' సంపాదకుడు ఎస్. బాలసుబ్రమణియన్‌కు తమిళనాడు శాసనసభ మూడు నెలల జైలుశిక్ష విధించింది. నిరసనలు రావడంతో కొద్దిరోజుల్లోనే ఆయనను విడుదల చేశారు.

4.7 వ్యంగ్యకారుడే ప్రజాప్రతినిధి అయినప్పుడు

ఈ మూడు జిల్లాలూ వరంగల్–ఖమ్మం–నల్గొండ పట్టభద్రుల శాసనమండలి నియోజకవర్గంలో ఉన్నాయి. 2021 మార్చిలో ఇక్కడ స్వతంత్ర అభ్యర్థిగా పోటీచేసిన తీన్మార్ మల్లన్న, గెలిచిన పల్లా రాజేశ్వర్ రెడ్డి తరవాత రెండవ స్థానంలో నిలిచారు. 2023లో రాజేశ్వర్ రెడ్డి జనగామ శాసనసభ్యుడిగా ఎన్నికై మండలి స్థానాన్ని వదులుకోవడంతో 2024 మేలో ఉప ఎన్నిక జరిగింది. అందులో మల్లన్న కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచారు. 2025లో ఆ పార్టీ ఆయనను సస్పెండ్ చేసింది.

ఆయన రాజకీయాలతో ఏకీభవించాలా వద్దా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. తెరమీద ప్రశ్నించిన వ్యక్తి సభలోకి వెళ్లగానే సమాధానం చెప్పవలసిన వరసలోకి వస్తారు. ఆయన హాజరు, ప్రశ్నలు, నిధుల వినియోగం ఇక ప్రజల లెక్కలోకి వస్తాయి. చానళ్ల యాజమాన్యానికీ ఇదే వర్తిస్తుంది. వీ6 రాజకీయ నాయకుడు గడ్డం వివేక్ కుటుంబ సంస్థ. టీ న్యూస్ నాటి తెరాస పక్షాన మొదలైంది. సాక్షిని స్థాపించింది వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి. కాబట్టి ఒక కార్యక్రమం ఎవరిని చూసి నవ్వుతోందో గమనించడంతోపాటు, ఎవరిని చూసి ఎన్నడూ నవ్వదో కూడా గమనించాలి.

4.8 నవ్వు తరవాతి పని

వ్యంగ్యం ప్రశ్నను పుట్టిస్తుంది. దానిని నమోదు చేసి సమాధానం రాబట్టే పని పౌరులదే. సమాచార హక్కు చట్టం (2005) కింద దరఖాస్తుకు సాధారణంగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తు రుసుము లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపై 10 రూపాయలు. సమాధానం రాకపోతే అప్పీలు చేసుకోవచ్చు. కలెక్టరేట్లలో సోమవారం జరిగే ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవచ్చు. గ్రామసభలో లెక్క అడగవచ్చు.

నల్లా సంభాషణకు తిరిగి వెళ్దాం. దానిని చూసి నవ్విన పదిమందిలో ఒక్కరైనా 'మా గ్రామంలో ఫలానా పని పూర్తయినట్టు ఇచ్చిన ధ్రువపత్రం, కొలతల పుస్తకం ప్రతులు ఇవ్వండి' అని రాస్తే, నవ్వు కాగితంగా మారుతుంది. కాగితానికి తేదీ ఉంటుంది, సంతకం ఉంటుంది, గడువు ఉంటుంది. అక్కడినుంచి తప్పించుకోవడం తేలిక కాదు.

ఈ పాఠం చదువుతున్న మీకు ఇందులో ప్రత్యక్ష సంబంధం ఉంది. డిగ్రీ పొంది మూడేళ్లు నిండిన తరవాత, మీరు నివసించే చోట పట్టభద్రుల నియోజకవర్గంలో ఓటరుగా నమోదు చేసుకోవచ్చు. సాధారణ ఎన్నికల జాబితాలో పేరున్నా ఈ నమోదు వేరుగా చేసుకోవాలి.

4.9 సారాంశం

వ్యంగ్యం అధికారంపై బెరుకును తగ్గించి, ప్రశ్నించడాన్ని అలవాటు చేస్తుంది. పిట్టలదొరనుంచి తీన్మార్ వార్తలదాకా దీనికి స్థానిక సంప్రదాయం ఉంది. 2014 వివాదం వ్యంగ్యానికి గల హద్దునూ, దానిని అణచడంలోని ప్రమాదాన్నీ చూపింది. 2017–18 నాటి మూడు జిల్లాల అనుభవం ప్రకారం, ముఖాలు తెరకు చిక్కుతాయి, ఉత్తర్వులు చిక్కవు. చానళ్లకు యజమానులు ఉంటారు, వ్యంగ్యకారులు ప్రతినిధులు కావచ్చు. కాబట్టి చివరి బాధ్యత ప్రశ్నను సంస్థలదాకా తీసుకువెళ్లే పౌరుడిదే.

4.10 సరిచూసుకోండి – జవాబులు

1. సమాచారం బయటికి రావడం, సమాధానం చెప్పడం, చర్య తీసుకోవడం.
2. తెలియనట్టు నటించే పాత్ర ద్వారా అసలు ప్రశ్న అడగడం.
3. అందులో దృశ్యం ఉండదు, కారణం రాయరు. కాబట్టి పరిశీలించదగిన ఆధారం దొరకదు.

4.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. పది వాక్యాల్లో సమాధానం రాయండి.
1. తీన్మార్ తరహా వార్తల్లోని నాలుగు ఉపాయాలను ఉదాహరణలతో వివరించండి.
2. ప్రభుత్వోద్యోగులపై విమర్శకు పరువునష్టం చట్టంలో గల మినహాయింపు ఏమిటి?

II. ముప్పై వాక్యాల్లో సమాధానం రాయండి.
1. 2014 నాటి ప్రసారాల నిలుపుదల వివాదంలోని రెండు వాదనలను పరిశీలించి, మీ అభిప్రాయం తెలపండి.
2. మీరు ఇటీవల చూసిన ఒక వ్యంగ్య వార్తను 4.4లోని మూడు ప్రశ్నల ఆధారంగా విశ్లేషించండి. దానినుంచి ఒక సమాచార హక్కు దరఖాస్తు నమూనా తయారుచేయండి.